దీపంలో నీళ్లు

నా చిన్నప్పుడు నేను దేవుణ్ని కోరుకున్నది నా కాలు బాగుపడాలని కాదు, మా అక్క కాలు కూడా నా కాలులాగే కావాలని. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, అప్పుడు రోజూ దండం పెట్టి మరీ అడిగేదాన్ని.

అక్క అంటే మా పెదనాన్న కూతురు, నాకన్నా రెండేళ్లు పెద్దది. నేరేడుచర్ల దగ్గర మా ఊళ్లో రెండు కుటుంబాలూ ఒకే వాకిట్లో ఉండేవాళ్లం. పసితనంలో జ్వరమొచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. కుంటుకుంటూ నడిచేదాన్ని. ఆ ఏడాది శ్రావణంలో ముత్యాలమ్మకు మా ఇంటి బోనం అక్క ఎత్తుతుందని పెద్దవాళ్లు తేల్చేశారు. దానికి పట్టులంగా కుట్టించారు. వచ్చిన చుట్టాలంతా దాన్నే దగ్గరికి పిలిచి, అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయారు. నేనేం కట్టుకున్నానో ఎవరూ చూడలేదు.

పసుపు పూసి వేపాకులు కట్టిన బోనం కుండ, దాని మీద పెట్టాల్సిన దీపం ప్రమిద లోపలి గదిలో ఉన్నాయి. అందరూ వాకిట్లో డప్పులవాళ్ల దగ్గర సందడిగా ఉన్నప్పుడు నేను లోపలికి వెళ్లాను. ప్రమిదలో నూనె ఒంపేసి నీళ్లు పోశాను. పైన తెలియకుండా కాస్త నూనె వదిలాను. దారిలో దీపం ఆరితే బోనం ఎత్తినవాళ్లనే నలుగురూ తిట్టిపోస్తారు. నాకు కావలసింది అదే.

నాయనమ్మ ఒత్తి వెలిగించగానే దీపం చిటపటలాడింది. ఆమె ప్రమిదలోకి చూసింది, తర్వాత నా లంగా వైపు చూసింది. దాని మీద నూనె మరక ఉంది. నీళ్లు పారబోసి, ఒత్తి మార్చి, కొత్త నూనె పోసి, దీపం వెలిగించింది. బోనం అక్క నెత్తికెత్తాక నూనె గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అక్క పక్కన్నే నడువు. దీపం సన్నగైనప్పుడల్లా నువ్వే పొయ్యాలె."

నేను నడిస్తే అందరికీ ఆలస్యమవుతుందని గొణిగాను. ఇక ఆపుకోలేక, నీళ్లు పోసింది నేనేనని ఏడుస్తూ చెప్పేశాను.

"నాకెరుకే. ముత్యాలమ్మ తల్లికి గూడ ఎరుకే," అంది నాయనమ్మ. "అయినా నిన్ను రావొద్దన్నదా? ఆలస్యమైతే అయితది. నడువు బిడ్డా."

నాతోపాటు అక్కా నిదానించింది, దాని ముందున్న డప్పులూ నిదానించాయి. దారిలో మూడుసార్లు అక్క మోకాళ్లు వంచితే, నేను బాగున్న కాలి మీద నిక్కి దీపంలో నూనె పోశాను. మూడోసారి అక్క మెల్లగా, "మెడ గుంజుతున్నదే, జర గిట్ల నిదానంగనే నడువు," అంది. దానికీ నొప్పి ఉంటుందని అప్పటిదాకా నాకు తోచనేలేదు. ఆ రోజు గుడి ముందు ఏమీ కోరుకోలేదు. తప్పు చేశానని మాత్రం చెప్పుకున్నాను.

ఇప్పుడు మిర్యాలగూడలో ఉంటున్నాను. కాలు అలాగే ఉంది. కుళ్లు కూడా పూర్తిగా పోలేదు. అక్క ఈ వయసులోనూ మా మేడమెట్లు చకచకా ఎక్కుతుంటే కడుపులో చురుక్కుమంటుంది. అలాంటి రోజున మనసు శుభ్రపడ్డాక దేవుడి దగ్గరికి పోదామని ఆగను. ఆ మంటతోనే వెళ్లి దీపంలో నూనె పోసి, "అమ్మా, మళ్ల గట్లనే వచ్చిన," అంటాను. రావొద్దని ఆ తల్లి ఇంతవరకూ అనలేదు.