వేలు దూరని గుడ్డ

కృష్ణ సముద్రంలో కలిసే చోట ఒక పాలెం ఉంది. దోమతెర గుడ్డతో వల కుట్టి చేపపిల్లల్ని ఊడ్చే పని అక్కడ ఫలానా పెద్దాయన కనిపెట్టాడని మొన్నటిదాకా అందరూ అనుకున్నారు. ఆయన కాదు, నేను. విజయవాడలో నా బట్టల కొట్లో కూర్చుని, ఆ పాలెం ముఖమైనా చూడకుండా ఆ పని చేశాను.

మాది మంగళగిరి మగ్గాల ఇల్లు. నాన్న నేసిన బట్టను వెలుతురుకేసి పట్టి చూసేవాడు. పోగుకూ పోగుకూ మధ్య సందు కనిపిస్తే "కన్ను పడింది" అని ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదు. నేను మగ్గం ఎక్కలేదు, అమ్మకంలోకి వచ్చాను. అయినా ఆ చూపు నాతోనే వచ్చింది. బట్ట చిక్కగా ఉండాలి, దానికి కన్ను ఉండకూడదు.

ఆ పాలెం పెద్దాయన గుణదల తిరునాళ్ళకు ఇంటిల్లిపాదితో వచ్చి, తిరిగి వెళ్తూ మనవరాలి ఉయ్యాలకు దోమతెర కోసం కొట్లోకి వచ్చాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. గుడ్డను రెండు చేతులా లాగి, చూపుడు వేలూ నడిమి వేలూ కలిపి దాని మీద పొడిచాడు.

"ఏంటి బాబాయ్, కొనకముందే చించుతావా?" అన్నాను.

"అలవాటండి. మా పాలెంలో రెండేళ్ళు లేకపోతే వల నీళ్ళలో దింపం."

"రెండేళ్ళా! అంతకాలం ఏం చేస్తారు దాన్ని, మాగేస్తారా?"

ఆయన పకపకా నవ్వాడు. "ఆ ఏళ్ళు కాదండి, ఈ ఏళ్ళు" అని రెండు వేళ్ళూ నా ముఖం ముందు ఆడించాడు. "వల కంట్లో ఈ రెండూ దూరాలి. దూరకపోతే పిల్లకి దారుండదు. పిల్ల పోతే రేపు చేపెక్కడిదండి?"

అది వినవలసిన మాట. నాకు మాత్రం నా గుడ్డకు వంక పెట్టినట్టు వినిపించింది. "ఏదీ పోకపోతే మంచిదేగా! నీ వల చివర ఈ గుడ్డ సంచిలా కుట్టించి చూడు. చీమ కూడా జారదు" అన్నాను.

"మీరు చీరలమ్మేవాళ్ళండి. మీకు తెలవదు" అని గుడ్డ చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రెండు నెలల తర్వాత ఒక్కడే వచ్చాడు. వేట నిషేధం రోజుల్లో కూడా పెద్ద బోట్లు ఒడ్డు దగ్గరకొచ్చి ఊడ్చుకుపోతున్నాయని, ఏరు సముద్రంలో కలిసే మొగలో వలకు ఏమీ పడటం లేదని చెప్పాడు. చెప్పి, కౌంటర్ మీది స్కేలును అటూ ఇటూ జరుపుతూ, "మీరన్నారే ఆ సంచి... ఒక్కటి కుట్టించి పెడతారా?" అన్నాడు.

నాకు సంతోషమేసింది. ఆటోనగర్‌లో లారీ టార్పాలిన్లు కుట్టే అతని చేత రెండు వరసల కుట్టు వేయించి ఇచ్చాను. ఆయన్ని చూసి పాలెంలో మరికొందరు వచ్చారు. వాళ్ళకూ కుట్టించాను. తానులకు తానులు ఎందుకని ఎవరినీ అడగలేదు. నాకు తెలుసు కాబట్టే అడగలేదు.

ఒక రోజు మత్స్యశాఖ ఆఫీసరు, పాలెం పెద్ద ఒకాయన కలిసి ఆయన్ని కొట్టుకు తీసుకొచ్చారు. పట్టుకున్న వలను కౌంటర్ మీద పరిచారు. సంచి లోపల పండుగప్ప పిల్లలు, రొయ్య పిల్లలు ఎండి గుడ్డకు అతుక్కుపోయి ఉన్నాయి. ఒళ్ళు కనిపించడం లేదు, నల్లటి చుక్కల్లా కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"మీరే అమ్మారా?" అన్నాడు ఆఫీసరు.

"ఉయ్యాలకు దోమతెరని కొన్నాడండి. దాంతో ఏం చేస్తాడో నాకేం తెలుసు?"

బాబాయ్ నా వైపు చూశాడు. చెప్పేస్తాడనుకున్నాను. "అవునండి, ఆయనకేం తెలవదు. బుర్ర నాదే" అన్నాడు.

ఏటి మొగలో వల వేయడానికి ఆ పాలెంలో ఇంటికో వంతు ఉంటుంది, ఫలానా రోజు ఫలానా చోటని. మిగతావాళ్ళను మందలించి వదిలేశారు. ఈ పాడు పని ఊరికి తెచ్చాడని ఆయన వంతు మాత్రం తీసేశారు. ఆయన రొయ్యల చెరువు మీద కాపలాకు కుదిరాడని తర్వాత తెలిసింది. అయ్యో అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

ఈ మధ్య ఆయనే మళ్ళీ కొట్టుకు వచ్చాడు. చెరువు గట్టు మీద దోమలు పీక్కు తింటున్నాయట. నేనేమీ అడక్కుండానే, "మంచానికేనండి. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. మీరు అనుమానపడబాకండి" అన్నాడు.

అనుమానపడవద్దని ఆయన నాకు చెప్పాడు. గుడ్డ కొలిచి కత్తిరించి ఇచ్చాను. ఆ వారమే బస్సెక్కి పాలెం వెళ్ళాను. వలలు బాగుచేసుకునే పాక కింద ఆ పెద్ద ముందు నిలబడి, సంచి మాట నాదేనని చెప్పాను. ఆయన దారం కొరికి ఉమ్మి, "ఆయన వంతు పోయి రెండేళ్ళండి" అన్నాడు. ఈసారి ఏ ఏళ్ళని అడగలేదు.

నలుగురూ మాట్లాడుకుని వంతు తిరిగి ఇచ్చారు. తప్పు చేసింది అందరితోపాటు ఆయనా, కానీ తెచ్చింది ఆయన కాదు అన్నారు. నా మనసు కొంచెం తేలికపడింది. మొదటి వంతు రోజు పొద్దున్నే వెళ్ళి ఆయన పడవలో కూర్చున్నాను. పక్క పడవలోంచి ఎవరో అరిచారు.

"ఏం మావా, గురువుగారు కూడా వచ్చారే! ఇవాళ ఏ చీరతో పడతన్నావు చేపలు?"

అటు నుంచి నవ్వులు లేచాయి. ఆయన నవ్వలేదు.

"ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదు బాబాయ్?" అన్నాను.

"మీ కోసమనుకున్నారా?" ఆయన వల మడతలు విప్పుతూనే ఉన్నాడు. "పుట్టింది పడవలో. బట్టల కొట్టాయన చెప్తే వల కుట్టానని నలుగురిలో ఎట్టా చెప్పుకోనండి? దొంగ అన్నా పడ్డాను. ఇప్పుడు చూడండి, ఎట్టా నవ్వుతన్నారో."

ఆయన వల కంటిని నా ముందుకు లాగి పట్టాడు. రెండు వేళ్ళు పెట్టాను, దూరాయి. వల నీళ్ళలోకి జారింది. ఎండెక్కేదాకా కూర్చుంటే నాలుగు పీతలు, ఒక చిన్న పండుగప్ప పడ్డాయి. పండుగప్పను అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, నీళ్ళలోకి వదిలేశాడు.

"ఇంకోసారి వేద్దామా?" అన్నాను.

"వేసేది నేను చూసుకుంటా. మీరు మాట్లాడబాకండి" అన్నాడు.