మా ముందుగది రిజిస్టర్డ్ ఆఫీసు

కంపెనీ పెట్టింది మా మరిది. కంచన్‌బాగ్ పక్కన షెడ్డు అద్దెకు తీసుకున్నాడు, మిషన్లు కొన్నాడు, ఇద్దరు స్నేహితులను డైరెక్టర్లుగా కలుపుకున్నాడు. అక్కడి ఫ్యాక్టరీలకు నట్లూ బోల్టులూ చేసి ఇచ్చే పని. లాభమూ పేరూ వాళ్లవి, కాపలా నాది. తొమ్మిదేళ్లు కాశాను. పోలీసు కుక్కకైనా అంతకంటే ముందే రిటైర్మెంటు ఇస్తారు.

డెబ్బైల మొదట్లో మాట ఇది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి రిజిస్టర్డ్ ఆఫీసని ఒకటి ఉండి తీరాలట. సర్కారు కాగితం ఏది వచ్చినా ఆ చిరునామాకే వస్తుంది. అద్దె షెడ్డును యజమాని ఎప్పుడు ఖాళీ చేయమంటాడో తెలియదు కాబట్టి అది పనికిరాదన్నాడు ఆడిటరు. మరిదిది అద్దె ఇల్లే. ఇక మిగిలింది మొఘల్‌పురాలో మేముండే ఇల్లు, మా అత్తగారి పేరు మీద ఉన్నది. ఆమె అభ్యంతరం లేదని కాగితం మీద వేలిముద్ర వేసింది. పెద్దకొడుకని మా ఆయనను అడిగారు, సరేనన్నాడు. పగలంతా ఆ ఇంట్లో ఉండేది నేను. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. చాయ్ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడి విన్నాను, అంతే.

ఆడిటరు షరతులు చెప్పుకొచ్చాడు. వాకిట్లో కంపెనీ పేరుతో బోర్డు ఉండాలి, గల్లీ జనం చదివే భాషలో కూడా రాయించాలి. కంపెనీ రిజిస్టర్లు ఆ ఇంట్లోనే ఉండాలి, చూస్తామని ఎవరైనా వస్తే రోజుకు రెండు గంటలైనా చూపించాలి. రిజిస్టర్ పోస్టు వస్తే సంతకం చేసి తీసుకునే మనిషి ఉండాలి.

"మనిషికేం తక్కువ? వదిన ఉంటది గద!" అన్నాడు మరిది. "వదినా, ఇయ్యాల్టి సంది నువ్వే మా కంపెనీకి పెద్దాఫీసరువి!"

అందరూ నవ్వారు. నేను కూడా పళ్లికిలించాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎందుకంటే ఆ వారమే నాకు ఉద్యోగం వచ్చింది. పెళ్లికి ముందు టీచర్ ట్రైనింగ్ పాసయ్యాను. ఆడపిల్లకు ఇంత చదువెందుకని చుట్టాలు దెప్పుతున్నా మా బాపు పట్టించుకోకుండా చదివించాడు. దబీర్‌పురా స్టేషన్ దగ్గరి బడి హెడ్‌మిస్ట్రెస్ నన్ను నాలుగో తరగతికి రమ్మంది. పది నుంచి నాలుగు దాకా. నడిచి వెళ్లే దూరం. ఈ సంగతి అప్పటికి మా ఆయనకు తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"ఒక్క ఏడాది ఆగు. షెడ్డు సొంతమైతే అడ్రస్ గక్కడికి మారుస్తడు. తమ్మునికి నేను చెప్త గద, నీకెందుకు ఫికర్?" అన్నాడాయన. ఆగాను.

బోర్డు మీద పేరు ఇంగ్లీషులో, తెలుగులో, ఉర్దూలో రాయించారు. ఉర్దూ వరుస చదివి గల్లీలో కుర్రవాళ్లు నౌకరీ ఉందా అని తలుపు కొట్టేవారు. కంపెనీలో నా పనేమిటని ఎదురింటి ఆవిడ ఒకరోజు కిటికీలోంచి అడిగింది.

"ఆపా, కంపెనీ మే ఆప్ కా క్యా కామ్ హై?"

"ఘర్ మే బైఠ్‌నా," అన్నాను. ఇంట్లో కూర్చోవడమే నా పని. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను పరాచికం ఆడాననుకుంది పాపం.

రెండో ఏడు మా చెల్లెలికి కాన్పు కష్టమైందంటే ఒక్క మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్లాను. అత్తగారు గుడికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే పోస్ట్‌మాన్ వచ్చి, తాళం చూసి చీటీ పడేసి పోయాడు. సాయంత్రం ఇంట్లో ఒకటే లొల్లి. మరిది కాదు, అతనికి ఆ సంగతే తెలియదు. లొల్లి చేసింది మా ఆయన.

"ఒక్క పూట ఇంట్ల ఉండెతందుకు ఏం రోగం నీకు? రేపు కంపెనీ మునిగితె ఎవల్ది జిమ్మా?"

మర్నాడు నేనే పోస్టాఫీసుకు పోయి ఆ ఉత్తరం తెచ్చాను. మీరు పంపిన కాగితం అందింది అని రాసి ఉంది అందులో. దానికే కంపెనీ మునిగేదట! ఆ తర్వాత ఇల్లు కదిలితే ఒట్టు. ఆడిటరు చెప్పింది రోజుకు రెండు గంటలు. మా ఇంటికి వచ్చేసరికి అది పది నుంచి అయిదయింది. తొమ్మిదేళ్లలో ఆ రిజిస్టర్లు చూస్తానని ఒక్క నరమానవుడు రాలేదు. వాటి మీద దుమ్ము దులిపిన చేయి కూడా నాదే.

మూడో ఏడు హెడ్‌మిస్ట్రెస్ తానే మా ఇంటికి వచ్చింది.

"ఇంకో టీచరమ్మ పోయింది, జాగ ఖాళీ ఉంది. గీసారి రాకుంటె మళ్ల పిలువ బిడ్డా. పిల్లలను గాలికి ఇడిసిపెట్టి నీకోసం కూసోలేను," అంది.

ఆ సాయంత్రం మా ఆయనను బతిమాలాను. రెండు రోజులు పోయాక, "చెప్పిన. ఈ ఏడు కష్టమంటున్నడు," అన్నాడు. తర్వాత కూడా బడులు తెరిచే ముందు ప్రతి ఏడూ అడిగాను. ప్రతి ఏడూ అదే జవాబు. మరిదినే నేరుగా అడగొచ్చు కదా అంటారేమో. అడిగితే అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టిందంటారని భయం. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని నోరు మూసుకున్నాను. మనసులో మాత్రం మరిదిని తిట్టని రోజు లేదు. అతను వస్తే చాయ్‌లో చక్కెర కూడా తగ్గించి వేసేదాన్ని.

తొమ్మిదో ఏడు ఒక రిజిస్టర్ పోస్టు వచ్చింది. సంతకం చేసి తీసుకుని విప్పాను. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసును పోయిన నెల ఒకటో తారీకు నుంచి ఆబిడ్స్‌కు మార్చినట్టు నమోదు చేశామని ఉంది. ఆ కాగితం మాత్రం అలవాటు కొద్దీ పాత చిరునామాకే పంపారు. మళ్లీ మళ్లీ చదివాను. నెల రోజుల పైనుంచీ నేను ఏ ఆఫీసూ లేని ఇంటికి కాపలా కాస్తున్నానన్నమాట. నాతో ఒక్కరు చెప్పలేదు.

సోమవారం పొద్దున చీర మార్చుకుని దబీర్‌పురా బడికి వెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్ మారింది. కొత్తావిడ నా సర్టిఫికెట్ చూసి, అనుభవం ఎంత అని అడిగింది. లేదన్నాను. వయసు అడిగింది. ముప్పైఆరు అన్నాను. ఇరవై ఏళ్ల పిల్లలు వరుసకట్టి ఉన్నారమ్మా అంటూ సర్టిఫికెట్ తిరిగి నా చేతిలో పెట్టింది. ఇంటికి వచ్చి ఆ మాట మా ఆయనకు చెప్పాను. "ఊఁ" అన్నాడు.

ఆదివారం మరిది మిఠాయి పట్టుకుని వచ్చాడు. పాతబస్తీ అడ్రస్ చూసి బ్యాంకువాళ్లు మొహం ముడుస్తున్నారట, అందుకే మార్చాడట.

"మార్చడానికి ఎన్నాళ్లు పట్టింది?" అని అడిగాను.

"ఏముంది వదినా! ముగ్గురం కూసోని తీర్మానం రాస్కున్నం, ఒక ఫారం పంపినం. గంటసేపు పని."

"గంటసేపు పనికి నన్ను తొమ్మిదేళ్లు కూర్చోబెట్టావా? నా బడి ఉద్యోగం పోయింది నీ ఆఫీసు వల్ల!"

అతని చేతిలో చాయ్ ఆగిపోయింది. "ఏం ఉద్యోగం?" అన్నాడు.

చెప్పాను. వింటున్నకొద్దీ అతని మొహం పాలిపోయింది.

"నాకు ఒక్కలన్న చెప్పలేదు వదినా, నీ మీద ఒట్టు. ఆడిటర్ సాబ్ మొదటేడే, అడ్రస్ నా ఆఫీసుల పెట్టుకోండ్రి అన్నడు. అన్ననే వద్దన్నడు. ఇంట్లనే ఉండనియ్యి, మీ వదిన చూస్కుంటదన్నడు. ప్రతి ఏడు గదే మాటన్నడు."

మా ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు. అన్నీ విన్నాడు. మరిది చాయ్ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

"ఎందుకు చేశారు ఇట్లా?" అన్నాను.

"ఎందుకేంది? నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంట్ల మనిషుండాలె. గంతే," అన్నాడు.

"మరి నా ఉద్యోగం?"

ఆయన మిఠాయి పొట్లం విప్పి ఒక ముక్క తీసుకున్నాడు.

"చెయ్యి ఇప్పుడు. ఎవరొద్దన్నరు?"