కన్నాలు కొట్టిన అట్టలు

మాడుగుల బస్సు కండక్టరు దేవప్రసాద్ యాభై ఒకటో ఏట సంస్కృతం ఎమ్మేకి దూరవిద్యలో ఫీజు కట్టాడు. కూతురు కృపాజ్యోతి విషజ్వరంతో పోయి అప్పటికి ఏడాదిన్నర. అనకాపల్లిలో వాళ్లింట్లో కుక్కరు కూత తప్ప మరో గొంతు వినిపించేది కాదు. ఆయన నోరు తెరిచి ఏదో ఒకటి చదివితే చాలనుకుంది భార్య రోజలిన్. అందుకే ఎందుకని అడగలేదు.

అడగడానికి డ్రైవరు బంగారయ్య ఉన్నాడు.

"చర్చికెళ్లేవోడివి, నీకు సంస్కృతం ఏటి బావా? పాస్టరుగారు పాటలు ఆపీసి శ్లోకాలు సెప్పమన్నారేటి?"

"పాతికేళ్లు అందర్నీ ముందుకి జరగండి, ముందుకి జరగండి అన్నాను బావా. ఇప్పుడు నేను కూడా ఒకడుగు జరుగుదావని."

మొదటి ఏడాది గట్టెక్కింది. రెండో ఏడాది ఛందస్సు పేపరు పోయింది. రాయడానికి ఇక ఒక్కసారే అవకాశం. ఆ మధ్యాహ్నం దేవప్రసాద్ పుస్తకాలు సంచిలో కుక్కి అటకెక్కించబోయాడు. రోజలిన్ సంచి పట్టుకుని ఆపింది. వాటితోపాటు ఆయన గొంతూ అటకెక్కేస్తుందని ఆమెకి తెలుసు.

"ఏటండీ రానిది మీకు?"

"మాడుగుల అంటావు సూడు, 'మా' దగ్గర సాగదీత్తాం, అది గురువు. మిగతా మూడూ పరుగే, లఘువులు. శ్లోకంలోకొచ్చేసరికి తప్పుతన్నాను. తప్పని సెప్పేవోళ్లు లేరు."

రోజలిన్ చదివింది మూడో తరగతి. కానీ చర్చి పాటలకి ముప్పై ఏళ్లుగా చప్పట్లు కొట్టిన చేతులవి.

"మీ టికెట్ల పంచు ఉంది కదా. పుస్తకంలో లెక్క సూసి గురువుకి రెండు కన్నాలు, లఘువుకొకటి కొట్టీండి. మీరు సెప్తుంటే నేను తడుముకుంటాను."

టికెట్టు కాగితం పలచన, వేలు పెడితే చిరిగింది. రోజలిన్ లేచి ట్రంకుపెట్టె తెరిచింది. ఇన్నేళ్లుగా ఎవర్నీ ముట్టుకోనివ్వని కూతురి నోటుపుస్తకాలు. తనే అట్టలు విప్పి, కత్తెరతో పట్టీలుగా కోసింది. దేవప్రసాద్ వాటికి కన్నాలు కొట్టబోయాడు.

"పిల్ల పేరున్న ముక్క నాకిచ్చీండి," అని దాన్ని బైబిల్లో పెట్టుకుంది.

అప్పట్నుంచి డ్యూటీ దిగి రాగానే ఆయన అరుగు మీద, ఆమె గడపలో. ఆయన చదువుతుంటే కళ్లు మూసుకుని కన్నాల మీద వేలు నడిపేది.

"ఆగండాగండి. ఇక్కడ రెండున్నాయి. మీరు స్టేజీలో ఆపకుండా బండి తోలీసేరు!"

దేవప్రసాద్ పకపకా నవ్వాడు. కూతురు పోయాక అదే మొదటిసారి.

పేపరు పాసయ్యాడు. ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూటం పెట్టారు. టీ, మిక్చరు, మాడుగుల హల్వా. ఇంటివాళ్లలో ఒకరు లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి. ఏ కూటంలోనూ నోరు విప్పని రోజలిన్ ఆవేళ లేచింది. చేతిలోని పట్టీని ఒకసారి తడుముకుని, ఆ లెక్కనే మెల్లగా చప్పట్లు కొట్టింది. సాగినచోట సాగి, పరుగున్నచోట పరిగెత్తి, శ్లోకమంతా. దేవప్రసాద్ తలొంచుకున్నాడు.

"మా ఇంట్లో మళ్లీ మాట వినపడతంది. దేవుడికి స్తోత్రం," అని కూర్చుండిపోయింది.

పాస్టరుగారికంటే ముందు, గుమ్మం దగ్గర చెప్పులతో నిలబడ్డ బంగారయ్య అన్నాడు, "ఆమేన్ చెల్లెమ్మా."