శ్మశానం దారికి సభ పెట్టించిన బిడ్డ

మా ఊరి శ్మశానం దారికి ఒక మోతుబరి ముళ్లకంప అడ్డం కొట్టి ఏళ్లు దాటాయి. శవం లేస్తే వంకలో దిగి బురదలో మోయాలి. అడిగితే పంచాయతీవాళ్లు "మా చేతిలో ఏముంది" అంటారు. ఆ మాట నాకు ఒంటికి కారం పూసినట్టు ఉంటుంది. అది అబద్ధమని తేల్చిన మనిషి మొన్న మంగళవారం పోయింది. మా ఊరి మాజీ సర్పంచి, నాకు అన్న కూతురు. కువైట్‌లో, సబా అల్ సలేంలో తాను పనిచేసే ఇంట్లోనే గుండె ఆగింది.

నేనూ ఆ దేశంలోనే, ఫహాహీల్‌లో ఒక బిల్డింగుకు కాపలా. చదువు అంతంత మాత్రం, తప్పులుంటే మీరే సర్దుకోండి. శుక్రవారాలు సెలవు దొరికితే ఆమె ఇక్కడున్న మా ఊరోళ్ల దగ్గరికి వచ్చేది. అందరిలో నోరు మెదపని వాడెవడో చూసి, ముందు వాడినే "నువ్వేమంటావు నాయనా" అని అడిగేది.

పోయినేడు మా ఊరి మగవాళ్లం ఇక్కడి పార్కులో కూడి, దారి తెరవాలని తీర్మానం చేశాం. పెద్దమనిషిని నేనే. వీడియో తీసి ఊర్లో ఇప్పటి సర్పంచికి పంపాం. శుక్రవారం మా అన్న కూతురు వచ్చి అది చూసి నవ్వింది.

"ఇది తీర్మానం గాదు చిన్నాయనా, చాయ్ తాగి లేసినట్టు. గ్రామసభ ఊర్లోనే జరగల్ల."

"మేము ఊరోళ్లం గాదా మే?"

"ఊరోళ్లే. మీ చేతులు ఈడుండాయి, మీ ఆడోళ్ల చేతులు ఆడుండాయి. ఫోన్లు చేయండి. బాటలు, కాలవలు, శ్మశానం పంచాయతీవే. ఆక్రమిస్తే నోటీసిచ్చి తీసే అధికారం దానికుంది. మనం పీకితే గలాటా, పంచాయతీ పీకితే చట్టం."

అందరం ఇళ్లకు ఫోన్లు చేశాం. ఒకడి పెళ్లాం "ఇన్నాళ్లూ గడప దాటొద్దంటివి, ఇప్పుడు సభకు పొమ్మంటావా" అని వాయించింది. అయినా పోయింది.

సభ రోజు ఫోన్లో చూశాను. బడి వరండా నిండా ఆడవాళ్లు. పంచాయతీ కార్యదర్శి ఏదో నసిగాడు. ఒక ముసలామె లేచి, "మా ఆయన పాడె వంకలో ఒరిగిపోయింది, రాసుకో" అంది. అన్ని చేతులూ లేచాయి. గాజుల చేతులు, బిడ్డనెత్తుకున్న చేతులు. కువైట్‌లో ఒకరింట్లో గిన్నెలు తోముకునే మా బిడ్డ మాటకు ఊరు అట్లా లేచింది. ఇంత వయసొచ్చి అటువంటిది నేను చూడలేదు.

తీర్మానం అయింది. పంచాయతీ కంప మాత్రం తీయలేదు.

ఆమెను ఇంటికి పంపే కాగితాలు పూర్తయ్యాయి. శనివారం ఆమె పెట్టెలో ఊరికి వస్తుంది. నిన్నటి నుంచి ఆడవాళ్లు కొడవళ్లు పక్కన పెట్టుకుని కంప ముందర కూర్చున్నారు. ఒక్క ముల్లు కూడా ముట్టుకోలేదు. తీయాల్సింది పంచాయతీ. తీస్తారో లేదో సర్పంచి గురువారం పొద్దుగూకేలోగా చెప్పాలని వాళ్లు గడువు పెట్టారు.