ట్రయల్ ముగిసే ముందు రోజు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మాచర్ల దగ్గరి బండల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ పని దొరికింది నా చదువును చూసి కాదు, ఆ కోపాన్ని చూసే. ఆ సంగతి చేరిన రెండో నెలలో గానీ నాకు తెలియలేదు.

అక్కడ ఎవరిని తీసుకున్నా మూడు నెలలు ట్రయల్. అవి నిండితే పర్మినెంట్ చెయ్యాలి. మా యజమాని ఎవరికీ నిండనివ్వడు. అలాగని పొమ్మనీ అనడు. అంతకు ముందు అలా తీసేసినవాడొకడు లేబర్ ఆఫీసుకెళ్ళి గొడవ చేశాడట. అందుకని మనిషి విసిగి తనంతట తానే మానెయ్యాలి, లేదా తిరగబడి చెయ్యి చేసుకోవాలి. అంతదాకా తెచ్చే పని సూపర్‌వైజర్‌ది. నేనూ ట్రయల్లోనే ఉన్నాను.

"ఆ ఈపూరాయన్ని వారంలో సాగనంపు. నిన్ను పర్మినెంట్ చేత్తా. చేతగాకపోతే నీ దారి నువ్వు చూసుకో," అన్నాడు యజమాని.

ఈపూరు నుంచి వచ్చిన ఆయనకు నలభై ఐదేళ్ళుంటాయి. కటింగ్ మిషన్ మీద అంత నేర్పుగా బండ కోసేవాణ్ణి నేను చూడలేదు. అయినా నాలుగు చోట్ల ట్రయల్లోనే తీసేశారు. "ఈ వయసులో ఇంకెవడు తీసుకుంటాడబ్బాయ్? ఈడన్నా నిలబడాల," అని నేను చేరిన కొత్తలో నాతోనే అన్నాడు.

మొదలుపెట్టాను. నాకన్నా పదిహేనేళ్ళు పెద్దవాణ్ణి ఒరేయ్ అన్నాను. మిషన్‌కు నీళ్ళు ఆపేశాను. నీళ్ళు లేకుండా రాయి కోస్తే ఆ దుమ్ముకు ఊపిరాడదు. ఆయన మూతికి తువ్వాలు కట్టుకుని కోశాడు. అన్నం క్యారేజీని రాతి బురదలోకి తన్నాను. దాన్ని తీసి, కడిగి, మూత బిగించి పక్కన పెట్టాడు. నా వంక చూడను కూడా చూడలేదు. అన్నీ పడే మనిషిని చూస్తే జాలి కలగాలి కదా? ఛీ, నాకు కసి పెరిగింది.

ఆయన ట్రయల్ నిండడానికి ఇంకొక్క రోజుంది. మధ్యాహ్నం అందరి ముందూ ఆయన తల్లిని తిట్టాను. ఆ మాట ఇక్కడ రాయలేను. ఆయన పిడికిళ్ళు బిగుసుకున్నాయి. హమ్మయ్య, కొడతాడు అనుకున్నాను. కొట్టలేదు. తల దించుకుని మళ్ళీ బండ మీద చెయ్యి వేశాడు.

ఇనప పైపు ముక్క నా చేతికందింది. వీపు మీద కొట్టాను. భుజం మీద కొట్టాను. మూడో దెబ్బకు కనుబొమ చిట్లి బండ మీద నెత్తురు కారింది. "తిరగబడరా! ఎందుకు తిరగబడవురా!" అని అరిచాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"రేపటితో మూడు నెల్లు నిండుతయ్యబ్బాయ్. ఇయ్యాల నువ్వు సంపినా చెయ్యెత్తను."

యజమాని ఫోన్‌లో వీడియో తీసుకుంటూ వచ్చాడు. "నా ఫ్యాక్టరీలో కొట్లాటలు కుదరవు. ఇద్దరూ బయటికి నడవండి."

"నేను కొట్టలేదు గదయ్యా!" అన్నాడు ఆయన.

"కొట్లాటంటే ఇద్దరిదీ."

"మీరు చెబితేనే కదా సార్!" అన్నాను నేను.

"సాగనంపమన్నా. కొట్టమన్నానా?"

వాచ్‌మన్ మమ్మల్ని బయటికి నెట్టి గేటు వేశాడు. ఎండ మాడిపోతోంది. ఆయన తువ్వాలుతో కంటి మీద నెత్తురు తుడుచుకుని గేటు వంక చాలాసేపు చూశాడు.

"ఇంక మనిద్దరికీ ఈడ పని లేనట్టే గదా?" అని అడిగాడు.

"లేనట్టే," అన్నాను.

అప్పుడు కొట్టాడు. మొదటి గుద్దుకే ముందు పన్ను ఊడింది. కింద పడితే గుండెల మీద కూర్చుని, ఆ వారమంతా దిగమింగిందంతా నా మొహం మీద తీర్చుకున్నాడు. నేను అడ్డం పెట్టుకోవడానికి కూడా చెయ్యెత్తలేదు. చేతులు పడిపోయేదాకా కొట్టి, నా పక్కనే మట్టిలో కూలబడి, "ఒక్క రోజు గదరా, ఒక్క రోజు," అని భోరుమన్నాడు.