షుగరండీ

మా కృష్ణా జిల్లాలో విస్తరి ముందు కూర్చున్నవాడి మాట ఎవరూ నమ్మరు. మా తాతయ్య రోజుల్లో ఒకసారి "చాలు" అంటే వడ్డించేవాళ్ళు ముందుకు కదిలేవారట. నాన్నగారి హయాంకి "వద్దు" అని ఒకటికి రెండుసార్లు అనాల్సి వచ్చింది. నేను పెద్దయ్యేసరికి విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి ఒట్టేసినా, వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసేవారు.

తొంభైల్లో గుడివాడలో ఒక పెళ్ళిభోజనంలో, నాలుగో లడ్డూ వేయబోతుంటే ప్రాణం విసిగి "షుగరండీ" అనేశాను. పచ్చి అబద్ధం. వడ్డించే పెద్దాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "అయ్యో పాపం, ఈ వయసులోనే!" అని పక్క విస్తరికి వెళ్ళిపోయాడు. నాకు స్వరాజ్యం వచ్చినంత సంబరమైంది.

ఆ కిటుకు మా బావలకు చెప్పాను. అదే నేను చేసిన పాపం. అయిదారేళ్ళలో ఏ పంక్తిలో చూసినా సగం మందికి షుగరే. అందులో కొందరికి మూతిమీద మీసం కూడా రాలేదు. వడ్డించేవాళ్ళు కూడా తెలివిమీరి, "ఎవరికి లేదులెండి, ఒక్కటి వేసుకోండి" అనడం మొదలుపెట్టారు.

అలా పదేళ్ళు గడిచాక నాన్నగారికి నిజంగా షుగర్ వచ్చింది. అరికాలి పుండు మూడు నెలలైనా మానలేదు. తీపి ముట్టుకుంటే కాలు దక్కదని బందరు డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఆ నెలలోనే మోపిదేవి దగ్గర మా అత్తయ్య ఇంటికి వెళ్ళాం. ఆవిడ నాన్నగారి అక్క. పళ్ళెం నిండా సున్నుండలు తెచ్చింది.

"వద్దక్కా, నాకు షుగరొచ్చింది."

"చాల్లే. నీ కొడుకూ పదేళ్ళ నుంచి అదే పాట పాడుతున్నాడు. దున్నపోతులా లేడూ?" అని ఒకటి ఆయన చేతిలో పెట్టింది.

అక్క మాట కాదనడం నాన్నగారికి పుట్టుకతో రాదు. సున్నుండ నోటిదాకా వెళ్ళింది. నేను అడ్డుపడ్డాను.

"అత్తయ్యా, నాకే జబ్బూ లేదు! బలవంతం పడలేక అబద్ధం ఆడాను. నాన్నకి మాత్రం నిజంగానే ఉంది. కావాలంటే కాలు చూడు."

ఆవిడ నాన్నగారి కాలికున్న కట్టు చూసింది. తమ్ముడి చేతిలోది లాక్కుంది. తర్వాత నావైపు తిరిగింది.

"అయితే నా చేతిది తినడం ఇష్టంలేక, లేని రోగం తెచ్చుకున్నావన్నమాట."

"అయ్యో, అది కాదత్తయ్యా, ఇష్టమే."

నమ్మలేదు. ఆవిడ ఎదురుగానే కూర్చుని తొమ్మిది సున్నుండలు తిన్నాను. ఏడోదానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా ఆపలేదు.

ఆ తర్వాత బతికినన్నాళ్ళూ మా అత్తయ్య నన్ను ఇంకోటి వేసుకోమని అడగలేదు.