గాలం కర్రల వరస

ఆసుపత్రి దుప్పట్ల గదిలో పనిచేసేవాళ్లకి లోకంలో వస్తువులు రెండే రకాలు: మడతపడేవి, మడతపడనివి. ఈవిడ ఇరవై రెండేళ్లుగా ఆ గదిలోనే ఉంది. లాండ్రీ నుంచి వచ్చిన దుప్పట్లు, దిండు గలేబులు, గౌన్లు విడదీసి, మడతపెట్టి, వార్డులవారీగా అరల్లో సర్దడం ఆవిడ పని. మూడుసార్లు లెక్కపెట్టందే ఒక్క గలేబు కూడా గది దాటనివ్వదు. అందుకని నర్సులు చాటుగా "మూడుసార్లమ్మ" అంటారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసినా మూడుసార్లే లెక్కపెడుతుంది.

అలాంటి మనిషికి మడతపడని వస్తువుల్ని ప్రాణంగా చూసుకునే మొగుడు దొరికాడు. ఆయన బస్సు డిపోలో టైమ్ కీపర్. వారమంతా బస్సుల మీద అరిచి, సెలవు దొరికితే చాలు నీళ్ల దగ్గరికి పోయేవాడు. ఏడు గాలం కర్రలుండేవి. ఒకటి వట్టి వెదురుది, మిగతా ఆరూ రీళ్లున్న రాడ్లు. ఇల్లు చూస్తే రెండు గదులూ ఒక వంటిల్లూ. పెళ్లయిన కొత్తలో అవి పడగ్గది తలుపు వెనక ఉండేవి. తలుపు తీసినప్పుడల్లా ఒకటి నెత్తిన పడేది. మంచం కిందికి చేరిస్తే చీపురు దూరేది కాదు. బాత్‌రూమ్ మూలన నిలబెట్టిన నెల రోజులూ ఆవిడ ఎవరో పరాయివాళ్లు చూస్తున్నట్టు హడావిడిగా స్నానం ముగించుకునేది. ఒకరోజు గాలం వెళ్లి ఆవిడ జడకి తగులుకుంది. విడిపిస్తూ "పెద్ద చేపే పడింది" అన్నాడాయన. "పడి ఆరేళ్లయింది, ఇప్పుడా చూసుకున్నారు?" అందావిడ.

చివరికి ఆయనే ముందుగది గోడకి పొడవాటి చట్రం బిగించాడు. చెక్క పలకలకి గాడులు కోసి, ఒక్కో గాడిలో పాత రబ్బరు చెప్పుల ముక్కలు అతికించి, కర్రల్ని ఒకదాని కింద ఒకటి పడుకోబెట్టాడు. ఇక మొదలయ్యాయి రూల్సు. గోడకి ఆనిస్తే కర్ర వంగిపోతుందట. గొట్టంలో పెట్టి మూస్తే బూజు పడుతుందట. రీలు బిగువు వదులు చెయ్యకుండా పెడితే లోపల పాడైపోతుందట. ఆవిడ దుమ్ము దులిపి మళ్లీ సర్దినప్పుడు ఏ కర్ర ఎక్కడ తేడాగా పెట్టినా, పేపర్లోంచి తల ఎత్తకుండానే ముక్కుతో "ఊఁహూఁ" అనేవాడు. వరస ఏమిటో చెప్పమంటే చెప్పేవాడు కాదు, చూస్తే తెలియడం లేదా అనేవాడు. ఆవిడకి ఒళ్లు మండిపోయేది. పిల్లలు లేని ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్లూ పోట్లాటలకి కరువు రాకుండా చూసినవి ఆ ఏడు కర్రలే.

ఎనిమిది నెలల కిందట డిపోలో కుర్చీలోంచి జారిపడ్డాడు. పక్షవాతం. కాళ్లూ చేతులూ మాటా అన్నీ ఒకేసారి పోయాయి. కళ్లు మాత్రం తెరుచుకుని ఉంటాయి. డాక్టరు వేలు ఊపాడు, చెయ్యి నొక్కమన్నాడు, రెప్ప వెయ్యమన్నాడు. ఏదీ జరగలేదు. "లోపల ఎంతవరకు తెలుస్తోందో చెప్పలేమమ్మా. ఎక్కువ ఆశపెట్టుకోకండి" అన్నాడు. ఆశపెట్టుకోకండి అన్న ముక్క ఇంటికొచ్చేసరికి ఏమీ తెలియదు అని అయి కూర్చుంది. చెప్పినవాళ్లూ విన్నవాళ్లూ కూడా దాన్నే ఖాయం చేసుకున్నారు.

ఆవిడ మొదటి నెల ఏడ్చింది. రెండో నెల నుంచి ఏడుపు రాలేదు. రావాలని ప్రయత్నించింది కూడా, ఇంత రాయిలా ఎలా అయిపోయానా అని. పొద్దున్నే ఒళ్లు తుడవడం, గొట్టంతో తిండి పట్టడం, గంటకోసారి పక్కకి తిప్పడం. పగటి ఆయా రాగానే డ్యూటీకి వెళ్లి, అక్కడ మరో వందమంది కింది దుప్పట్లు విడదీసి, మళ్లీ వచ్చి ఇక్కడి దుప్పటి మార్చేది. ఆసుపత్రి దుప్పటికీ ఇంటి దుప్పటికీ తేడా తెలియడం మానేసింది. ఆయన ఎదుట బట్టలు మార్చుకునేది, ఆయన ఎదుటే ఫోన్లో అన్నీ మాట్లాడేది. "మీరు" అనడం ఎప్పుడు ఆగిపోయిందో ఆవిడకే తెలియదు. ఎదురుగా ఉన్న మనిషి గురించే ఆయాతో "ఈయన్ని ఇటు తిప్పు, ఈయనకి మూతి తుడు" అనేది. బీరువాని జరపమని చెప్పినా అదే గొంతుతో చెబుతుంది.

ఆయన అక్కగారే చివరికి ఒక దారి చూపించింది. ఊరి చివర, లేవలేని రోగుల్ని చూసుకునే హోమ్ ఉంది. ఒక మంచం ఖాళీ అయింది. "నువ్వు కూడా మంచాన పడితే చూసేదెవరే? వాడికి ఇల్లయినా ఒకటే, హోమయినా ఒకటే" అంది. ఆవిడ సరేనంది. సోమవారం పదింటికి వ్యాన్ వస్తుందన్నారు. స్ట్రెచర్ పడగ్గది మలుపు తిరగదని తేలడంతో పది రోజుల ముందే మంచాన్ని ముందుగదిలోకి లాగారు. ఆయన మొహం కర్రలున్న గోడ వైపుకి వచ్చింది. కాగితాల మీద సంతకాలు పెడుతుంటే తనకి బాధ కలుగుతుందేమోనని ఆవిడ కాసేపు ఎదురుచూసింది. ఏమీ కలగలేదు.

వ్యాన్ వచ్చే ముందురోజు, ఆదివారం పొద్దున్నే సెలూన్ ఆయన వచ్చాడు. ఆవిడ మొగుడికి పాతికేళ్ల స్నేహితుడు, చేపల జతగాడు. ఎనిమిది నెలలుగా ఒక్క ఆదివారం కూడా తప్పకుండా వచ్చి గడ్డం గీసి పోతున్నాడు. గీస్తున్నంతసేపూ ఒక్కడే మాట్లాడతాడు. నదిలో నీళ్లు కిందికి పోయాయనీ, ఫలానావాడు మూడు కిలోల చేప పట్టానని కోతలు కోస్తున్నాడనీ. ఆ రోజు మాత్రం ఏమీ మాట్లాడకుండా గీసి, కత్తి కడుక్కున్నాడు.

"అన్నయ్యగారూ, ఆ కర్రలు మీరు పట్టుకుపోండి" అందావిడ.

"ఏడూనా?"

"ఏడూ. నేనేం చేసుకుంటాను? రేపట్నుంచి ఈ ఇంట్లో నేనొక్కదాన్నే."

సెలూన్ ఆయన గోడ వైపు చూశాడు గానీ మంచం వైపు చూడలేదు. "సాయంత్రం బండి తెచ్చుకుంటాలే చెల్లెమ్మా. ఊరికే నా దగ్గర ఉంటాయి, అమ్మనులే. దుమ్ము కొట్టుకుపోయినట్టున్నాయి, ఒక్కసారి తుడిచి ఉంచు" అని, చెప్పుల్లో కాళ్లు సరిగ్గా పెట్టకుండానే వెళ్లిపోయాడు.

తుడవడమంటే ఆవిడకి చేతనైన పనే. ఏడింటినీ దించి నేలమీద పరిచింది. పాత గలేబు తడిపి ఒక్కో కర్రనీ చివరిదాకా తుడిచింది. దారం దూరే ఉంగరాల్లో పేరుకున్న మట్టి దూదితో తీసింది. రీళ్ల మీద పొడిగుడ్డ తిప్పింది. సాయంత్రందాకా కింద పెడితే కాళ్లకి అడ్డం. మళ్లీ చట్రంలోకే ఎక్కించడం మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్ల అలవాటు కాబట్టి పెద్దవి కింద, చిన్నవి పైన.

మూడోది పెడుతుండగా వెనక నుంచి గొంతులో గురగుర వినిపించింది. కఫం అడ్డుపడిందనుకుని వెళ్లి ఆయన మూతి తుడిచి, తల పక్కకి సర్దింది. నాలుగోది పెట్టింది. మళ్లీ అదే చప్పుడు. మళ్లీ వెళ్లి తుడిచింది. మూతి పొడిగానే ఉంది. అయిదోది గాడిలో ఆనిందో లేదో మళ్లీ గురగుర. ముప్ఫై ఏళ్ల చిరాకు ఒక్కసారిగా నోట్లోంచి ఊడిపడింది.

"అబ్బబ్బ! అయితే ఎక్కడ పెట్టమంటారు మరి?"

అన్నాక తన మాట తనకే వినిపించింది. ఎనిమిది నెలలుగా ఆ నోట రాని "మీరు" విసుగుతో పాటు బయటికొచ్చింది. కర్ర చేతిలో పట్టుకుని మంచం వైపు తిరిగింది. ఆయన కళ్లు ఆవిడ మీద లేవు. గోడ మీద, పైనుంచి రెండో గాడి మీద ఉన్నాయి.

కర్రని రెండో గాడిలో పెట్టింది. చప్పుడు లేదు. తీసి మూడో గాడిలో పెట్టింది. "ఊ...హ" అంది గొంతు. సగమే వచ్చింది గానీ, ముప్ఫై ఏళ్లు ఒళ్లు మండిన ఆవిడకి ఆ సగం చాలు. మళ్లీ రెండో గాడిలో పెట్టింది. చప్పుడు లేదు. మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అంతే.

తర్వాత మొత్తం దించేసి మొదట్నుంచి పెట్టుకొచ్చింది. తప్పయితే చప్పుడు, ఒప్పయితే నిశ్శబ్దం. అరగంట పట్టింది. అన్నీ కుదిరాక దూరంగా జరిగి చూసింది. వెదురుది అన్నిటికంటే పైన. దాని కింద చెరువులకి పట్టుకెళ్లేవి రెండు, తర్వాత కాలవది, తర్వాత నదివి రెండు, అడుగున సముద్రానికి తీసుకెళ్లే పొడవాటి లావుపాటిది. నీళ్ల వరస అది. చిన్న నీళ్లు పైన, పెద్ద నీళ్లు కింద. ముప్ఫై ఏళ్లు దుమ్ము దులిపి ఇది కనిపెట్టలేకపోయింది. కుర్చీలో కూర్చుంది. అప్పటికీ సంతోషమో భయమో తెలియలేదు. వెంటనే ఫోన్ తీసి వదినగారికి కలిపింది.

"వదినా, ఈయనకి తెలుస్తోంది. అన్నీ తెలుస్తున్నాయి. కర్రలు తప్పు పెడితే వద్దంటున్నారు."

"నోరు పెగలనివాడు వద్దనడమేమిటే?"

"గొంతులో చప్పుడు చేస్తున్నారు. గురగురమని."

"అదా? అది కఫమే తల్లీ! ఎప్పట్నుంచో వస్తున్నదే కదా. నువ్వు నాతో ఫోన్లో మాట్లాడుతుంటే నేనెన్నిసార్లు వినలేదూ? అదిగో మళ్లీ గురగుర, ఉండు వదినా తుడిచొస్తా అని నువ్వే అనేదానివి. రేపు పంపించాలంటే మనసు ఒప్పక నీకలా అనిపిస్తోంది. వ్యాన్ వాళ్లకి మాటిచ్చాం, సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చుకో."

వదిన ఫోన్ పెట్టేసింది. ఆవిడ మాత్రం చెవి దగ్గర్నుంచి ఫోన్ తియ్యలేదు.

నిజమే, ఆ చప్పుడు కొత్తది కాదు. కనీసం మూడు నెలలుగా ఉంది. ఎప్పుడెప్పుడు వచ్చిందో ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తోంది. తిండి పడుతున్నప్పుడు రాలేదు. పక్కకి తిప్పుతున్నప్పుడు రాలేదు. ఆవిడ ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు వచ్చింది. ఏం మాట్లాడుతున్నప్పుడో కూడా గుర్తుంది. "ఎన్నాళ్లని వదినా ఇలా? ఒకరోజు నిద్రలోనే పోతే ఈయనకీ సుఖం, నాకూ సుఖం" అన్నప్పుడు. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు అంది. అన్న ప్రతిసారీ ఆయన వద్దన్నాడు. ఆవిడ వెళ్లి మూతి తుడిచింది.

కుర్చీ మంచం దగ్గరికి లాక్కుంది. ఆయన కళ్లలో పడేలా ముందుకి వంగింది. ఏమని మొదలుపెట్టాలో తెలియక, దుప్పటి అంచు సరిచేసి, మళ్లీ సరిచేసింది.

"నేను ఫోన్లో అన్నవి మీకు వినబడలేదు కదా?"

"ఊ...హ."

"అన్నీ విన్నారా?"

చప్పుడు లేదు.

"రేపు ఆ హోమ్‌కి పంపిస్తే మీకు పర్లేదా?"

"ఊ...హ." ఈసారి గట్టిగా వచ్చింది. మెడ నరాలు కదిలాయి.

"ఇక్కడే ఉంటారా? నా దగ్గరే?"

చప్పుడు లేదు. ఆవిడకి గుండెలో ఎక్కడో మంట పుట్టింది. ఎనిమిది నెలలుగా మొద్దుబారిపోయిన చోట ఆ నొప్పి తెలిసింది. గబగబా మాట్లాడింది.

"సరే, పంపించను. ఎక్కడికీ పంపించను. ఇదుగోండి, ఆ మాటలు మాత్రం మనసులో పెట్టుకోకండి. ఏదో విసుగులో అన్నాను. నిద్ర లేక అన్నాను. నిజంగా అన్నవి కావవి."

"ఊ...హ."

కఫం కాదు, తను తప్పుగా వినడమూ కాదు. గాడి తప్పిన కర్రని చూసినట్టే ఆయన ఆ మాటని చూశాడు. ఇంకోలా చెబితే ఒప్పుకుంటాడేమోనని ఆలోచించింది. రెండు మూడు మాటలు నోటిదాకా వచ్చాయి. వాటన్నిటికీ ఆయనేమంటాడో ఆవిడకి ముందే తెలుసు.

"నిజంగానే అన్నాను" అంది చివరికి. "మీరు పోతే బాగుండునని అనుకునే అన్నాను. వినబడుతుందని తెలిస్తే బయటికి అనేదాన్ని కాదు. అనుకోవడం మాత్రం అనుకునేదాన్ని."

ఆయన చప్పుడు చెయ్యలేదు. కళ్లు ఆవిడ మొహం మీదే ఉన్నాయి.

ఆవిడకి ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఆయన ఎదుట దేనికీ చాటు పెట్టుకోని మనిషికి ఇప్పుడు మొహం దాచుకోవాలనిపించింది. లేచి వంటింట్లోకి వెళ్లబోయింది. రెండడుగులు వేసి, మళ్లీ వచ్చి, ఆయన చూస్తుండగానే అక్కడే కూర్చుని ఏడ్చింది.